చక్రాల మీద చెక్కిన ఇల్లు

పచ్చరంగు గోడలు, పసుప్పచ్చ చక్రాలు, బంగారు రేకు తాపిన ద్రాక్షగుత్తుల చెక్కడాలు, ముందు తలుపుకు ఆనించిన చిన్న మెట్లు, కప్పు మీద పొగగొట్టం. ఒక్క గుర్రం లాగే ఈ ఇంటి బొమ్మను పిల్లల పుస్తకాల్లోనో పాత ఇంగ్లీషు సినిమాల్లోనో మనలో చాలామందిమి చూసే ఉంటాం. ఇంగ్లండు రొమానీలు దీన్ని వార్డో అంటారు. చూసినవారికి ఇది వాళ్ళతోపాటు అనాదిగా తిరుగుతున్నదని తోస్తుంది. అది నిజం కాదు. రొమానీలు బ్రిటన్‌కు చేరాక మూడు వందల ఏళ్ళకు పైగా వాళ్ళకు చక్రాల ఇల్లన్నదే లేదు. పందొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చింది, ఆ శతాబ్దం ముగిసేసరికి నిండు వైభవానికి చేరింది, ఇంకో యాభై ఏళ్ళలో రోడ్ల మీంచి దాదాపు తప్పుకుంది. అంత కొద్దికాలంలో అంత అందం ఎలా కుదిరిందో చెప్పుకోదగిన కథ.

రొమానీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి కదిలినవారు. వాళ్ళ భాష హిందీ, పంజాబీల కుదురులోదని 1780లలో జర్మన్ పండితులు తేల్చారు. నీళ్ళను వాళ్ళు ఇప్పటికీ పానీ అనే అంటారు. బ్రిటన్‌లో వాళ్ళ జాడ మొదట దొరికేది 1505లో, స్కాట్లండు రాజు నాలుగో జేమ్స్ ఖజానా లెక్కల్లో. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని అక్కడి జనం ఈజిప్షియన్లన్నారు, అది నలిగి జిప్సీ అయింది. 1530లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ వాళ్ళను దేశం విడిచి పొమ్మని చట్టం చేశాడు. 1554లో వచ్చిన చట్టం, పోకుండా అదే బతుకు బతికేవారికి మరణశిక్ష పెట్టింది. ఆ వరుసలో ఒక చట్టమైతే 1783 దాకా రద్దు కాలేదు. జిప్సీ అయిన నేరానికి ప్రాణం పోయే దేశంలో ఇంటికి రంగులద్దుకుని నలుగురి కంటా పడాలని ఎవరనుకుంటారు? ఆ కాలపు రొమానీ కుటుంబం కాలినడకన తిరిగేది, సామాను గాడిద మీదో పొట్టి గుర్రం మీదో వేసుకునేది. రాత్రికి హేజెల్ పొదల్లో సన్నటి కొమ్మలు కోసి, రెండు చివర్లూ నేలలో గుచ్చి, విల్లులా వంచి, మీద కంబళ్ళు కప్పితే అదే ఇల్లు. పొద్దున్నే పీకేస్తే ఆనవాలుండదు.

భయం ఒక్కటే అడ్డు కాదు. దారులూ లేవు. ఇల్లంత బరువును ఒక్క గుర్రం లాగాలంటే కింద నేల గట్టిగా ఉండాలి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు రోడ్లు వానాకాలంలో బురద గుంటలు. మన రోడ్డు కాంట్రాక్టర్ల నోట ఇప్పటికీ వినబడే ‘మెకాడం’ అన్న మాట జాన్ లౌడన్ మెకాడం అనే స్కాట్లండు మనిషి ఇంటిపేరు. 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల బాధ్యత చేపట్టిన ఆయన, చిన్న కంకరను పొరలుగా పరిచి, నీరు పక్కకు జారేలా మధ్యలో కొద్దిగా ఎత్తు పెడితే రోడ్డు ఎక్కువకాలం నిలుస్తుందని చేసి చూపించాడు. అలాంటి రోడ్లు దేశమంతా పాకిన ఒక తరానికి రైళ్ళొచ్చి పెద్ద పెద్ద కోచ్‌బండ్లను మింగేశాయి. మంచి రోడ్లు మిగిలాయి, వాటి మీద రద్దీ తగ్గింది. వార్డో పుట్టడానికి ఇంతకన్నా అనువైన వేళ లేదని నా అభిప్రాయం.

ముందుగా చక్రాల మీద ఇల్లు కట్టుకున్నది రొమానీలు కారు. 1810 ప్రాంతంలో ఫ్రాన్సులో సర్కస్‌వాళ్ళు, సంతల్లో ఆటలాడించేవాళ్ళు గుర్రపు బండ్లలో కాపురముండటం మొదలుపెట్టారు. ఆ అలవాటు సముద్రం దాటి ఇంగ్లండు సంతలకు చేరింది. 1840, 41లలో డికెన్స్ వారం వారం రాసిన ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ నవలలో మైనపు బొమ్మల ప్రదర్శన నడిపే జార్లీ అనే ఆవిడకు అలాంటి బండి ఉంది. అప్పటికి అది ప్రదర్శనకారుల సొత్తు. రొమానీలు వాళ్ళతో సంతల్లో కలిసేవారు, ఆ బండ్లు చూసేవారు. శతాబ్దం నడిమికి కాస్త డబ్బు నిలవేసుకున్న రొమానీ కుటుంబాలు తమకూ అలాంటివి చేయించుకోవడం మొదలుపెట్టాయి.

‘చేయించుకోవడం’ అన్నది కావాలనే అంటున్నాను. ఈ బండ్లలో ఎక్కువ భాగం రొమానీలు తమ చేత్తో కట్టినవి కావు. ఊళ్ళలో స్థిరపడిన వడ్రంగులు, బండి పనివాళ్ళు చేసి ఇచ్చారు. రెడింగ్ పట్టణంలో డంటన్ కుటుంబం, లీడ్స్ దగ్గర రాత్‌వెల్ హేగ్‌లో బిల్ రైట్, బర్టన్-ఆన్-ట్రెంట్‌లో ఓర్టన్ సంస్థ పేరున్న తయారీదార్లు. రైతులకు గడ్డిబండ్లు, వ్యాపారులకు సరుకుబండ్లు చేసిన అనుభవం వాళ్ళది. వాళ్ళ దగ్గరికి రొమానీ పెద్ద వచ్చి ఎంత ఎత్తు కావాలో, ఏ అర ఎక్కడుండాలో, ముందు తలుపు మీద గుర్రం తల చెక్కాలో సింహం తల చెక్కాలో చెప్పేవాడు. ఒక్క బండికి ఆరు నెలలు పట్టేది, ఏడాదీ పట్టేది. తిరిగేవాడి రుచి, స్థిరంగా ఉండేవాడి చేయి. ఈ ఇద్దరి బేరసారాల్లోంచి పుట్టింది వార్డో. ఊరివాడు రొమానీని అనుమానంగా చూసే సమాజంలో ఇద్దరూ ఒక పని ముందు కూర్చుని నెలల తరబడి మాట్లాడుకున్నారంటే, ఆ పనిశాల ఎంత అరుదైన చోటో ఆలోచించండి.

వార్డ్-జాక్సన్, డెనిస్ హార్వే అనే ఇద్దరు 1972లో ఈ బండ్ల మీద ఒక గ్రంథం వేశారు. దాన్నిబట్టి ముఖ్యమైన రకాలు ఆరు. అన్నిటినీ వర్ణించబోను గానీ రెండు మూడింటి తేడా తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. రెడింగ్ బండిలో వెనక చక్రాలు పెద్దవి, గదిని వాటి నడుమ ఇమిడ్చారు. అందుకే అడుగు ఇరుకు, గోడలు పైకి పోయేకొద్దీ బయటికి వాలి చూరు దగ్గర వెడల్పవుతాయి. పెద్ద చక్రం వల్ల వాగు దాటొచ్చు, ఎగుడుదిగుడు పొలం గట్టున దించొచ్చు. బర్టన్ బండిలో అలా కాదు. గది వెడల్పుగా ఉండాలని చక్రాలను గది కిందికి తోశారు, కాబట్టి అవి చిన్నవయ్యాయి. బురదలో దిగితే కూరుకుపోతుంది. సంత మైదానానికీ సంత మైదానానికీ మధ్య రోడ్డు మీదే తిరిగే ప్రదర్శనకారులకు అది చాలు, ఎక్కువగా వాళ్ళే వాడారు. మూడోది బో-టాప్. దీని కప్పు చెక్క కాదు, వంచిన బద్దల మీద బిగించిన కాన్వాసు. పాత వంపు గుడారాన్ని ఎత్తి బండి మీద పెట్టినట్టే ఉంటుంది. తేలిక, ఖర్చు తక్కువ, గాలికి తిరగబడదు. ఆకుపచ్చ కాన్వాసు వేస్తే చెట్ల పక్కన ఆగినప్పుడు ఎవరి కంటా చప్పున పడదు. ఇందులో బిల్ రైట్‌ను మించినవాడు లేడని ప్రతీతి. బుట్టలు, చీపుళ్ళు అమ్ముకునేవాళ్ళ బండికైతే బయటివైపు అరలు, అల్మారాలు ఉండేవి. ఆ ఇల్లే వాళ్ళ దుకాణం.

ఇక చక్రం. ఇల్లు ఎంత అందంగా ఉన్నా చక్రం విరిగితే కాపురం రోడ్డున పడుతుంది. ఇంగ్లండు బండి పనివాడు ఒక్క చక్రానికి మూడు జాతుల కర్ర వాడేవాడు. చక్రం నడిమి కుండ ఎల్మ్ కర్రతో. ఎల్మ్‌లో నారలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి కనుక కుండ నుంచి అంచు దాకా పోయే ఆకులను దిగేసే బెజ్జాలు చుట్టూ తొలిచినా పగలదు. ఆకులు ఓక్‌తో, అదీ రంపంతో కోయకుండా నార వెంట చీల్చిన ఓక్‌తో, బరువు నిలువునా మోయడానికి. చుట్టూ పూటీలు యాష్‌తో. యాష్‌కు సాగే గుణం ఉంది, రాయి తగిలితే దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. ఆకులను నిటారుగా కాక కాస్త బయటికి వాల్చి దిగేస్తే చక్రం పళ్ళెంలా లోతుగా వస్తుంది. గుర్రం నడుస్తున్నప్పుడు బండి కుడికీ ఎడమకీ ఊగుతుంది కదా, ఆ పక్కవాటు తోపును ఈ వాలు తట్టుకుంటుంది. చివరికి ఇనుప పట్టా. చక్రం చుట్టుకొలత కన్నా పట్టాను కొద్దిగా తక్కువ చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రం మీదికి దించి, వెంటనే నీళ్ళు గుమ్మరిస్తారు. ఇనుము బిగుసుకునేటప్పుడు కీలన్నీ కిర్రుమంటూ ఒక్కటవుతాయి. మన పల్లెల్లో ఎడ్లబండ్లు చేసే వడ్రంగులు, కమ్మరులు ఎరిగిన పద్ధతే ఇది. ఫార్నమ్ ఊళ్ళో తండ్రి నుంచి వచ్చిన బండ్ల పనిశాల నడిపిన జార్జ్ స్టర్ట్ 1923లో ‘ది వీల్‌రైట్స్ షాప్’ అని ఒక పుస్తకం అచ్చువేశాడు. చక్రం పని గురించి అంత ప్రేమగా రాసిన పుస్తకం మరొకటి నేనెరగను.

వార్డో సౌందర్యానికి తాళం చెవి మాత్రం చక్రంలో కాదు, అంచు చెక్కడంలో ఉంది. బండి అడుగు దూలాన్ని, పక్క బద్దలను, ఇరుసు మీది కర్రలను దగ్గరగా చూస్తే ఎక్కడా నలుచదరపు అంచు కనిపించదు. రెండు చేతులా పట్టుకుని లాగే చిన్న చిత్రికతో ప్రతి అంచునూ లోపలికి గీకి వంపులు తీశారు. నగిషీ కోసమని అందరూ అనుకుంటారు. మొదటి కారణం బరువు. రెండు కర్రలు కలిసే కీలు దగ్గర బెజ్జం పడుతుంది, అక్కడ పూర్తి మందం కావాలి. రెండు కీళ్ళ నడుమ అంత మందం అక్కర్లేదు. అందుకని కీలు దగ్గర చతురస్రంగా వదిలి, నడుమ సన్నబరిచారు. అలా వందల చోట్ల పిడికెడు పిడికెడు చెక్క తీసేస్తే కొండ ఎక్కేటప్పుడు గుర్రానికి అంత ఆయాసం తప్పుతుంది. కీలుకీ కీలుకీ మధ్య ఆ వంపు పదే పదే వస్తుంటే కంటికి లయలా తోచింది. తోచాక రంగు పనివాడు ఆ వంపుల్లో ఎరుపో పసుపో వేరే రంగు నింపాడు, అంచు వెంట సన్నటి గీత లాగాడు. ఆ తర్వాత బంగారు రేకు వచ్చింది. అంటే గుర్రం మీద దయతో మొదలైనది అలంకారంగా ముగిసింది. రంగైనా అంతే, వానల దేశంలో చెక్క కుళ్ళకుండా ఉండాలంటే పూత మీద పూత వేయక తప్పదు. రెడింగ్ బండికి నిలువు బద్దలను గది బయటివైపు పెట్టి, పలకలను లోపలివైపు కొట్టడం కూడా ఇలాంటిదే. ఎముకలు బయటికి కనిపించి అందంగా ఉంటాయి, లోపల గోడ నున్నగా ఉండి అంగుళం చోటు కూడా వృథా కాదు.

లోపల పొడవు సుమారు పది అడుగులు. ముందు తలుపులోంచి వెనక్కి చూస్తూ ఎక్కితే ఎడమచేతి వైపు చిన్న పోత ఇనుము పొయ్యి. ఏ బండి అయినా అక్కడే. ఇంగ్లండులో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి, ఆ పక్క చెట్ల కొమ్మలు వేలాడుతుంటాయి. పొగగొట్టం కొమ్మలకు తగలకుండా ఉండాలంటే రోడ్డు మధ్యకు ఉండే వైపున పెట్టాలి. లోపలికి వచ్చేవారికి అది ఎడమ. పొయ్యి పైన బట్టలు వెచ్చగా ఆరే అర, పక్కన మూత తీస్తే పెట్టె అయ్యే కూర్చునే బల్ల, ఎదురుగా సొరుగుల బీరువా. వెనక గోడ పొడవునా అడ్డంగా పెద్దవాళ్ళ పడక, దాని కింద జరిపే తలుపుల అరలో పిల్లల పడక. పొయ్యి వేడి, ఇంతమంది ఊపిరి పోయేందుకు కప్పు నడుమ భాగాన్ని ఎత్తు చేసి రెండు వైపులా చిన్న కిటికీలు పెట్టారు. దాన్ని మాలిక్రాఫ్ట్ అంటారు. వెలుతురూ దానిలోంచే దిగుతుంది.

ఇంత ఉన్న ఇంట్లో స్నానానికి చోటు లేదు, మరుగుదొడ్డి లేదు. తెలియక వదిలేసిందనుకుంటే పొరపాటు. రొమానీలకు శుచి నియమాలు గట్టివి. గిన్నెలు కడిగే తొట్టిలో చేతులు కడగకూడదు, ఒళ్ళు కడుక్కునే పాత్రలో వంట గుడ్డ ఉతకకూడదు, కలిస్తే ఆ పాత్ర మైలపడినట్టే, పారేయాల్సిందే. ప్రసవం కూడా బండిలో కాకుండా పక్కన వేసిన గుడారంలో జరిపించడం పాత ఆచారం. మడీ మైలా ఎరిగిన ఇళ్ళలో పుట్టిన తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. నిద్ర, కూర్చోవడం, వెచ్చదనం లోపల. వంట, ఉతుకు, కడుగుడు బయట నిప్పు చుట్టూ. ఇల్లు బండి దగ్గర ముగిసిపోదు. బండి చుట్టూ ఉన్న గడ్డినేల కూడా ఇంట్లో భాగమే. ఈ సంగతి పట్టించుకోకుండా, ఇంత ఇరుకులో ఎలా బతికారని జాలిపడటం వాళ్ళకు అన్యాయం చేయడమే.

ఆ నిప్పు చుట్టూ కూర్చునే చేతిపనులు సాగేవి. బట్టలు ఆరేసే క్లిప్పులు చూడండి. విల్లో కొమ్మను జానెడుకు లోపు ముక్కలుగా కోసి, బెరడు తీసి, పాత డబ్బా రేకును సన్నగా కత్తిరించి ఒక కొస చుట్టూ మేకుతో బిగించి, రెండో కొసను నడిమికి చీలుస్తారు. డబ్బులు పెట్టి కొన్న సరుకు మేకు ఒక్కటే. చెక్క పూలు ఇంకా ముచ్చటైనవి. ఎల్డర్ కొమ్మనో విల్లో కొమ్మనో పట్టుకుని పదునైన కత్తితో పైనుంచి కిందికి సన్నటి పొరలు లేపుతూ పోతారు, ఏ పొరనూ పూర్తిగా తెగనివ్వరు. ఆ పొరలు వాటంతటవే చుట్టుకుని చామంతి అవుతుంది. దానికి రంగు ముంచి, పచ్చి కొమ్మకు గుచ్చితే తోటలో పూలు లేని చలికాలంలో ఇంటింటికీ అమ్ముడుపోయే పువ్వు. ఆడవాళ్ళు ఇవన్నీ బుట్టలో పెట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగేవారు. మగవాళ్ళు కత్తులు నూరేవారు, గిన్నెలకు మాట్లు వేసేవారు, గుర్రాల బేరాలాడేవారు. కాయలు కోసే కాలానికి కుటుంబమంతా బండితో పొలాలకు చేరేది. కెంట్, హెరిఫర్డ్‌షైర్ జిల్లాల్లో బీరుకు వాడే హాప్స్ కోతలో చాలాకాలం వాళ్ళ చేతులూ ఉన్నాయి. ఈ రోజు బఠాణీ తోట, వచ్చే నెల ఆపిల్ తోట, ఆ తర్వాత సంత. పని ఎక్కడ ఉందో ఇల్లు అక్కడికి వెళ్ళింది. చక్రాల ఇంటిని విలాసపు ఊహగా చూసేవారు మరచిపోయేది దీన్నే.

సంపాదించినది బ్యాంకులో దాచడం వాళ్ళ అలవాటు కాదు. బండి మీద బంగారు రేకు, మంచి గుర్రం, అరలో రాయల్ క్రౌన్ డర్బీ పింగాణీ. కలిగిన కుటుంబమంటే కళ్ళకు కనిపించేది ఇదే. అలా కూడబెట్టిన దాన్ని ఒక్క రోజులో వదులుకోవడం కూడా వాళ్ళకు తెలుసు. పెద్ద పోతే, అంత్యక్రియల తర్వాత ఆ బండికి నిప్పు పెట్టేవారు. పింగాణీ పగలగొట్టేవారు. చనిపోయినవారి వస్తువులు బతికున్నవారికి తగవు. ఏడాది పాటు చెక్కిన పనితనం సాయంత్రానికి బూడిద. మ్యూజియంవాళ్ళు ఎంత బాధపడినా, ఈ ఆచారంలో నాకు గొప్పతనమే కనిపిస్తుంది. ఇల్లు మనిషిదే గానీ వారసులు కొట్లాడుకునే ఆస్తి కాదన్న నిశ్చయం అది. పాత వార్డోలు ఈనాడు కొద్దిగా మిగలడానికి ఇదీ ఒక కారణం.

1880లకు వచ్చేసరికి ఊరివాళ్ళకు ఈ బండి మీద మోజు పుట్టింది. నౌకాదళంలో వైద్యుడిగా చేసి రిటైరైన గోర్డన్ స్టేబుల్స్ రెడింగ్ పక్కనే ట్వైఫర్డ్‌లో ఉండేవాడు. జిప్సీల బండి చూసి మనసుపడి, బ్రిస్టల్ వ్యాగన్ కంపెనీలో మహాగని, మేపుల్ కర్రలతో ‘వాండరర్’ అనే బండి చేయించాడు. పొడవు పద్దెనిమిది అడుగులు, బరువు రెండు టన్నులు, లాగడానికి రెండు గుర్రాలు. 1885 వేసవిలో ఇంగ్లండు దక్షిణాన బయల్దేరి స్కాట్లండులో ఇన్వర్నెస్ దాకా 1,300 మైళ్ళు తిరిగి పుస్తకం రాశాడు. ముందు దారి చూసేందుకు నౌకరు ఒకడు ట్రైసైకిల్ మీద వెళ్ళేవాడు. సెలవుల కోసం బండిలో తిరగడమనే వేడుకకు మొదలు అదే. 1907లో కారవాన్ క్లబ్ పుట్టింది, ఆ డాక్టరే దానికి ఉపాధ్యక్షుడు. మరుసటి ఏడాది కెన్నెత్ గ్రాహమ్ ‘ది విండ్ ఇన్ ద విల్లోస్’ అనే పిల్లల నవలలో కప్పదొరకు పసుప్పచ్చ జిప్సీ బండి కొనిపెట్టాడు. పిల్లల మనసుల్లో ఆ బండి అలా స్థిరపడింది.

ఆ మోజు ఎక్కినకొద్దీ అసలు మనుషులకు మాత్రం ఊపిరి సలపలేదు. 1880లలో కోల్‌విల్‌కు చెందిన జార్జ్ స్మిత్ అనే సంస్కర్త, కదిలే ఇళ్ళన్నిటినీ రిజిస్టరు చేసి తనిఖీ చేయాలని పార్లమెంటులో బిల్లులు పెట్టించాడు. పిల్లల చదువు మీద ఆయన ఆరాటం నిజమే కావచ్చు, వాళ్ళ బతుకు మీద ఆయనకున్న చిన్నచూపూ నిజమే. ప్రదర్శనకారులు 1889లో సంఘం కట్టి పోరాడి ఆ బిల్లులను ఆపారు. దానికి ముందటేడు, 1888 ఆగస్టులో, ఫ్రాన్సులో ఆర్ల్ పట్టణం దగ్గర వాన్ గోహ్ జిప్సీ బండ్ల విడిదిని చిత్రించాడు. అదే ఏడు బ్రిటన్‌లో పండితులు జిప్సీ లోర్ సొసైటీ స్థాపించి వాళ్ళ కథలు, మాటలు సేకరించసాగారు. బొమ్మ గీసేవాడికి, మాట రాసుకునేవాడికి, తనిఖీ చేయాలనేవాడికి ఒకే సమయంలో ఒకే బండి కనిపించింది. ఆ బండిలో ఉన్నవారిని ఏం కావాలని అడిగినవారు మాత్రం తక్కువ.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేయవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మోటారు వచ్చింది. 1919లో బర్మింగ్‌హామ్‌లో ఎక్లెస్ సంస్థ కారు వెనక తగిలించే కారవాన్లు చేయడం మొదలుపెట్టింది. రెండో యుద్ధం తర్వాత రొమానీ కుటుంబాలు లారీలకూ ట్రెయిలర్లకూ మారాయి. పొలం పనులు యంత్రాలు లాక్కున్నాయి, క్లిప్పులు ప్లాస్టిక్‌వి వచ్చాయి. 1959 రహదారుల చట్టం రోడ్డు పక్కన జిప్సీలు విడిది చేయడాన్ని నేరం చేసింది. 1968 చట్టం వాళ్ళకు స్థలాలు చూపడం స్థానిక సంస్థల బాధ్యతంది. 1994లో ఆ బాధ్యతను తీసేశారు. 2022 చట్టంతో, యజమాని పొమ్మన్నాక పోకుండా నేల మీద బండిలో ఉంటే, కొన్ని పరిస్థితుల్లో పోలీసులు ఆ బండిని స్వాధీనం చేసుకోవచ్చు. బండి అంటే ఇల్లని చట్టం రాసినవారికి తెలియదని నేననుకోను. ఆ చట్టంలో ఒక భాగం మానవహక్కులకు విరుద్ధమని 2024లో లండన్ హైకోర్టు ప్రకటించింది.

మరోవైపు ఇల్లు కట్టి చక్రాల మీద పెట్టుకునే కోరిక వేరే చోట మళ్ళీ మొలిచింది. 1970లలో అమెరికా పడమటి తీరాన కుర్రవాళ్ళు పాత లారీల మీద దేవదారు పెంకులు, రంగుటద్దాల కిటికీలతో ఇళ్ళు కట్టుకున్నారు. 1979లో జేన్ లిడ్జ్ వాటి ఫోటోలతో ‘రోలింగ్ హోమ్స్’ అనే పుస్తకం తెచ్చింది. 1999లో అయోవా రాష్ట్రంలో జే షాఫర్ వంద చదరపుటడుగుల లోపు ఇల్లు కట్టుకోబోతే, ఇల్లంటే కనీసం ఇంత ఉండాలని నిబంధన అడ్డొచ్చింది. దానికి చక్రాలు తగిలిస్తే అది ఇల్లు కింద రాదు, నిబంధన తగలదు. నేడు టైనీ హౌస్ అని ప్రపంచమంతా ముద్దుచేస్తున్న ఇంటికి చక్రాలొచ్చింది అలా. రొమానీల బండికి చక్రాలొచ్చింది బతుకుతెరువుకు, ఇతని ఇంటికి వచ్చింది చట్టం నుంచి తప్పుకోవడానికి. రెండిట్లోనూ అందం అవసరం వెంటే వచ్చింది. ఒట్టి ముచ్చట కోసం చేసిన కదిలే ఇళ్ళు నేను చాలా చూశాను, ఫోటోల్లో బాగుంటాయి. వాటిలో గీసిన గీతకు కారణం అడిగితే జవాబుండదు. వార్డోలో ప్రతి గీతకూ జవాబుంది.

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. ఏటా జూన్ మొదట్లో కంబ్రియాలోని యాపుల్‌బీ ఊళ్ళో గుర్రాల సంత జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి రొమానీలు, ఇతర సంచార కుటుంబాలు వస్తాయి, ఈడెన్ నదిలో గుర్రాలను కడుగుతాయి. బో-టాప్‌లు, అప్పుడప్పుడూ పాత చెక్క వార్డోలు కూడా కనిపిస్తాయి. పిల్లలను తీసుకుని వెళ్ళండి. రంగులు చూసి ఆగిపోకుండా వంగి బండి అడుగు చూడండి, కీలు దగ్గర కర్ర ఎక్కడ లావుగా ఉందో, ఎక్కడ సన్నబడిందో పిల్లలకు చూపించండి. ఫోటో తీసే ముందు మాత్రం తప్పకుండా అడగండి, అది వాళ్ళ ఇల్లు. చెక్క పూలో బుట్టో అమ్మకానికి కనబడితే బేరమాడకుండా కొనండి.